లేని రోజునే పడే కోత: రిజర్వు బ్యాంకుకూ, బ్యాంకర్లకూ ఒక బహిరంగ లేఖ

భారతీయ రిజర్వు బ్యాంకు గవర్నరు గారికి, పొదుపు ఖాతాలు నడుపుతున్న వాణిజ్య బ్యాంకుల అధిపతులకు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రస్థాయి బ్యాంకర్ల సమితుల సభ్యులకు,

అయ్యా, అమ్మా,

నేను పల్నాడు జిల్లాలో ఒక గ్రామ సమాఖ్యకు పద్దులు రాసే వీఓఏను. పద్దెనిమిది డ్వాక్రా సంఘాల పొదుపులూ, అప్పుల వాయిదాలూ నా చేతి మీదుగానే బ్యాంకుకు వెళతాయి. చదువు రాని వాళ్లూ, చదువు వచ్చినా పాసుబుక్కులో అచ్చయ్యే ఆ పొడి ఇంగ్లీషు అక్షరాలు బోధపడని వాళ్లూ ఎంట్రీ వేయించుకుని నేరుగా మా ఇంటికే వచ్చి, పుస్తకం నా ముందు పెట్టి "ఇదేందో చూడమ్మా, డబ్బులు ఎవరు తీశారు?" అని అడుగుతారు. ఎవరూ తీయలేదనీ, ఖాతాలో డబ్బు తక్కువైనందుకు బ్యాంకే తీసుకుందనీ చెప్పడం కొన్నేళ్లుగా నా పనుల్లో ఒకటైపోయింది.

ఈ సంగతి మీ దృష్టికి తేవడానికి బహిరంగ లేఖ దాకా రావాలని నేను అనుకోలేదు. మా పక్క పట్టణంలోని ఒక ప్రైవేటు బ్యాంకు శాఖకు మా సభ్యుల తరఫున మూడు అర్జీలు ఇచ్చాను. మొదటిది కౌంటరులో తీసుకుని, "అది సిస్టం కోసుకుంటుందమ్మా, మా చేతిలో ఏమీ లేదు" అన్నారు. రెండోదానికి ఈమెయిలులో ఒక నంబరు వచ్చింది. మూడోదానికి అదీ రాలేదు. ఆ బ్యాంకు పేరు ఇక్కడ రాయడం లేదు. మొహమాటపడి కాదు, ఈ తంతు ఆ ఒక్క బ్యాంకుది కాదు కాబట్టి.

ముందుగా నాకు తెలిసిన వాస్తవాలు విన్నవిస్తాను. అవన్నీ మీ కాగితాల్లో ఉన్నవే.

2014 ఏప్రిల్ 1న రిజర్వు బ్యాంకు తన ద్రవ్య విధాన ప్రకటనలో ఒక మంచి మాట చెప్పింది. ఖాతాదారు ఇబ్బందినీ, ఏమరుపాటునూ బ్యాంకులు అలుసుగా తీసుకోరాదనీ, మామూలు పొదుపు ఖాతాలో కనీస నిల్వ లేకపోతే జరిమానా వేయడానికి బదులు ఆ ఖాతాకు ఇచ్చే సేవలను కనీస నిల్వ అక్కర్లేని ప్రాథమిక పొదుపు ఖాతా స్థాయికి తగ్గించి, నిల్వ పెరిగాక మళ్లీ పునరుద్ధరించాలనీ ఆ మాట సారాంశం. అదే ఏడాది నవంబరు 20న సర్క్యులరు వచ్చేసరికి ఆ ఆలోచన పక్కకు పోయి, జరిమానాకు కొన్ని కట్టుబాట్లు మాత్రం మిగిలాయి. 2015 ఏప్రిల్ 1 నుంచి అవి అమలులోకి వచ్చాయి. నిల్వ తగ్గిన సంగతి ఖాతాదారుకు స్పష్టంగా తెలియజేసి, సరిచేసుకోవడానికి నెల రోజులు ఇవ్వాలి. జరిమానా ఎంత లోటు ఉందో దానికి తగ్గ నిష్పత్తిలోనే ఉండాలి. సేవకు అయ్యే ఖర్చుకు పొంతన లేనంతగా ఉండకూడదు. కేవలం ఈ జరిమానా వల్ల ఖాతా మైనస్‌లోకి పోకూడదు.

కట్టుబాట్లు మంచివే. అయితే వసూళ్లు ఆగలేదు. దేశంలోకెల్లా పెద్దదైన స్టేట్ బ్యాంకు 2017 ఏప్రిల్ 1న ఈ జరిమానాను తిరిగి తెచ్చింది. మా తెలంగాణ బంధువులు ఎంతోమంది దశాబ్దాలుగా నమ్ముకున్న స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అందులో కలిసిపోయిందీ సరిగ్గా ఆ రోజే. ఏప్రిల్ నుంచి నవంబరు వరకు ఎనిమిది నెలల్లో ఆ ఒక్క బ్యాంకుకు ఈ పద్దు కింద వచ్చింది రూ.1,771 కోట్లు. అదే ఏడాది జులై-సెప్టెంబరు మూడు నెలలకు ఆ బ్యాంకు చూపిన నికర లాభం రూ.1,581 కోట్లు. విమర్శలు వచ్చాక జరిమానాను తగ్గించి, 2020 మార్చిలో పూర్తిగా ఎత్తేసింది. ఎత్తేసినందుకు ధన్యవాదాలు చెప్పాల్సిందే, చెబుతున్నాను. అయినా 2019-20 మొదలు 2023-24 వరకు అయిదేళ్లలో ప్రభుత్వ రంగ బ్యాంకులు కనీస నిల్వ లేదని వసూలు చేసింది దాదాపు రూ.8,500 కోట్లని కేంద్ర ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. 2018 నుంచి లెక్కవేసి, అయిదు పెద్ద ప్రైవేటు బ్యాంకులను కూడా కలిపితే, 2023 ఆగస్టు నాటికి ఆ మొత్తం రూ.21,000 కోట్లు దాటింది.

2025లో కెనరా బ్యాంకు, పంజాబ్ నేషనల్ బ్యాంకు, బ్యాంక్ ఆఫ్ బరోడా, ఇండియన్ బ్యాంకు వంటివి ఈ జరిమానాను మానుకున్నాయి. అదే ఏడాది ఆగస్టులో ఐసీఐసీఐ బ్యాంకు మెట్రో, పట్టణ ప్రాంతాల్లో కొత్తగా తెరిచే ఖాతాలకు కనీస సగటు నిల్వను రూ.50,000 చేసి, గోల కావడంతో రోజుల వ్యవధిలోనే రూ.15,000కు దించింది. ఎంత నిల్వ ఉండాలన్నది బ్యాంకుల ఇష్టానికి వదిలేశామనీ, అది నియంత్రణ పరిధిలోకి రాదనీ గవర్నరు గారు అప్పట్లో అన్నారు. నేను ఈ లేఖ రాయడానికి కూర్చున్నది ఆ మాట విన్న తర్వాతే. నిల్వ ఎంతన్నది బ్యాంకు ఇష్టమే కావచ్చు. అది లేనప్పుడు కోసే కోత ఎలా ఉండాలో చెబుతూ మీ సంస్థే 2014లో సర్క్యులరు ఇచ్చింది. అది ఇంకా మీ పరిధిలోదే కదా?

ఇక ఈ కోతల వల్ల మా మనుషులకు ఏమవుతోందో వరసగా చెబుతాను.

1. ప్రభుత్వం ఇచ్చిన డబ్బు ఇంటికి చేరడం లేదు. మా సంఘంలో ఒక పెద్దావిడ ఉంది. ఆమెకు పాత జన్‌ధన్ ఖాతా ఒకటుంది, దానికి కనీస నిల్వ అక్కర్లేదు. నాలుగేళ్ల కిందట ఒక బ్యాంకు వాళ్లు ఊళ్లో శిబిరం పెట్టి, ఆధార్ తీసుకుని, వేలిముద్ర వేయించుకుని ఇంకో ఖాతా తెరిచారు. అది మామూలు పొదుపు ఖాతా అని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆధార్ ఏ ఖాతాకు చివరగా ముడిపడితే ప్రభుత్వ డబ్బు ఆ ఖాతాకే పోతుంది. కాబట్టి దీపం-2 పథకం కింద ఆమె సిలిండరుకు కట్టిన ఎనిమిది వందల చిల్లర వెనక్కి వచ్చి పడింది ఈ కొత్త ఖాతాలోనే. పుస్తకంలో ఆ జమ కిందనే, అదే తేదీతో, రూ.354 ఒకసారి, రూ.354 ఇంకోసారి కోత పడింది. రూ.300 జరిమానా, దాని మీద 18 శాతం జీఎస్టీ, రెండు నెలలకు. ఖాతా సున్నాలో ఉన్నప్పుడు మైనస్‌లోకి తోయకూడదని మీ సర్క్యులరు అంటుంది. బ్యాంకు తోయలేదు, నిజమే. బాకీగా రాసిపెట్టుకుని, డబ్బు పడేదాకా కాచుకుని ఉంది. అక్షరాన్ని పాటించడం ఇలాగే అనుకుంటే నాకు అభ్యంతరం లేదు. ఆ వాక్యం రాసినవారి ఉద్దేశం మాత్రం ఇది కాదని నా మనవి. ఆవిడ నా దగ్గర అడిగింది ఒకటే: "గవర్నమెంటు నాకిచ్చిందా, వాళ్లకిచ్చిందా?"

2. అరవై రూపాయల లోటుకు వెయ్యి రూపాయలు పోతున్నాయి. ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మా వైపు కనీస నిల్వ జరిమానా కన్నా ఎక్కువ మందిని కుంగదీస్తున్నది ఈ వాయిదా బౌన్స్ చార్జీలే. స్పిన్నింగ్ మిల్లుకు వెళ్లే ఒక అమ్మాయి పుస్తకం ఇప్పుడు నా ముందుంది. మోటారు సైకిలు అప్పు మీద నెలనెలా అయిదో తేదీన రూ.2,850 నాచ్ అనే ఆటో డెబిట్ పద్ధతిలో పోవాలి. మిల్లు జీతం ఏడో తేదీకి పడుతుంది, ఒక్కోసారి పదకొండు దాకా పోతుంది. అయిదో తేదీన ఖాతాలో ఉన్నది రూ.2,790. అరవై తక్కువ. వాయిదా తిరిగిపోయింది, బ్యాంకు రూ.250 చార్జీ, రూ.45 జీఎస్టీ, మొత్తం రూ.295 కోసుకుంది. నిల్వ రూ.2,495కు దిగింది. ఎనిమిదో తేదీన ఫైనాన్సు సంస్థ అదే వాయిదాను మళ్లీ పంపింది. ఈసారి లోటు అరవై కాదు, 355. ఆ లోటులో 295 బ్యాంకు తన చేత్తో చేసినదే. మళ్లీ తిరిగిపోయింది, మళ్లీ రూ.295. ఫైనాన్సు సంస్థ తన వంతు బౌన్స్ చార్జీ రూ.500 వేసింది. అంతా కలిపితే రూ.1,090. ఆమె జీతం నెలకు రూ.10,200, పనిదినాలు ఇరవై ఆరు. మూడు రోజుల కూలికి కొంచెమే తక్కువ. ఆ మూడు రోజులూ ఆమె దారం పట్టింది ఆ అరవై రూపాయల కోసమే.

ఆ వాయిదా రెండోసారి పంపుతున్నారని ఆమెకు ముందు ఎవరూ చెప్పలేదు. కార్డు మీదా, యూపీఐ మీదా నెలనెలా పోయే చెల్లింపులకు 24 గంటల ముందు కబురు పంపాలని మీరు నియమం పెట్టారు. సినిమాలు చూసే యాప్ చందాకు ఉన్న ఆ ముందస్తు కబురు అప్పు వాయిదాకు లేకపోవడం నాకు అర్థం కాదు. పైగా 2021 ఆగస్టు 1 నుంచి నాచ్ ఆదివారాలూ, సెలవు రోజులూ కూడా నడుస్తోంది. అది సౌకర్యమే. అయితే అంతకుముందు ఆదివారం వస్తే దొరికే ఒక రోజు వెసులుబాటు కూడా దాంతో పోయింది, జీతాలిచ్చే మిల్లు మాత్రం ఆదివారం తెరవదు.

3. భయం. వాయిదా తిరిగిపోతే జైలుకు పోతావని వసూలుకు వచ్చే కుర్రాళ్లు చెబుతున్నారు. 2007 నాటి చెల్లింపుల చట్టం 25వ సెక్షనులో రెండేళ్ల దాకా శిక్ష ఉన్న మాట నిజమే. కానీ దానికి నోటీసు, గడువు, కోర్టు అన్నీ ఉన్నాయని వాళ్లు చెప్పరు. ఆ భయంతోనే ఆడవాళ్లు వందకు అయిదు రూపాయల వడ్డీకి చేబదులు తెచ్చి ఖాతాలో వేస్తున్నారు.

4. సగటు నిల్వ లెక్క ఉన్నవాడికే అనుకూలంగా ఉంది. ఇది చాలామంది చదువుకున్న వాళ్లకే తెలియదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. నెల సగటు రూ.2,000 ఉండాలంటే, ముప్పై రోజుల సాయంత్రపు నిల్వలు కూడితే రూ.60,000 కావాలి. ఒకాయన ఖాతాలో రూ.20,000 మూడు రోజులు ఉండి, మిగతా ఇరవై ఏడు రోజులూ సున్నా ఉంటే సరిపోతుంది, ఆయనకు కోత లేదు. కూలి డబ్బులో మిగిల్చిన రూ.1,500 ముట్టకుండా ముప్పై రోజులూ బ్యాంకులోనే ఉంచిన మనిషికి లెక్క రూ.45,000 దగ్గరే ఆగుతుంది, ఆమెకు కోత పడుతుంది. ఆ నెలంతా బ్యాంకుకు డబ్బు అప్పజెప్పి ఉంచింది ఎవరు, జరిమానా కట్టింది ఎవరు?

5. చిన్న కోతలు. ఖాతాలో డబ్బు చాలకపోయినా ఏటీఎంలో బటన్ నొక్కినందుకు ఇరవయ్యో, పాతికో, దాని మీద జీఎస్టీ. మూడు నెలలకోసారి ఎస్ఎంఎస్ చార్జీ. ఒక్కొక్కటి చూస్తే టీ ఖర్చు, కానీ నిల్వ కనీస హద్దు దగ్గర ఊగిసలాడుతున్న ఖాతాలో ఈ ఇరవై రూపాయలే హద్దు దాటించి పెద్ద కోతకు దారి తీస్తాయి. ఇంతకన్నా దీని గురించి చెప్పను.

6. బ్యాంకు మీద నమ్మకం పోతోంది. పదేళ్ల కిందట ఇంటింటికీ తిరిగి "డబ్బు పెట్టెలో వద్దు, బ్యాంకులో వేసుకో పిన్నీ" అని చెప్పింది నేనే. ఇప్పుడు అదే నోటితో, డబ్బు పడిన రోజే తీసేసుకోమని చెబుతున్నాను. వాయిదాలు పోయే ఖాతా వేరుగా పెట్టుకోమంటున్నాను. ఫైనాన్సు ఆఫీసుకు పోయి వాయిదా తేదీని పన్నెండుకు మార్చమని అర్జీ పెట్టమంటున్నాను. నాలుగో తేదీ సాయంత్రం ఫోనులో నిల్వ చూసుకుని, తక్కువుంటే సంఘం నుంచి రెండు వందలు తీసుకుని వేసి, జీతం పడగానే తిరిగి ఇమ్మంటున్నాను. కోత తప్పించుకోవడానికి మాకు తెలిసిన ఉపాయాలు ఇవి. కొన్ని పనిచేస్తున్నాయి కూడా. మా సమాఖ్య నెలవారీ సమావేశంలో పొదుపు తర్వాత ఎక్కువ సేపు మాట్లాడుకునేది దీని గురించే. దొంగల నుంచి కాదు, దాచుకున్న చోటు నుంచే డబ్బు కాపాడుకోవడానికి ఇన్ని ఎత్తులు వేయవలసి రావడం మాకు గర్వంగా లేదు.

వీటన్నిటికీ మందు మీ దగ్గరే ఉందని తెలిసిన తర్వాత నా బాధ ఎక్కువైంది. ప్రాథమిక పొదుపు ఖాతా అనేది 2012 నుంచి ఉంది. దానికి కనీస నిల్వ అక్కర్లేదు, ఏటీఎం కార్డు ఉచితం, నెలకు నాలుగు సార్లు డబ్బు తీసుకోవచ్చు. అది ఎవరైనా తెరవచ్చు, ఆదాయ పరిమితి లేదు. అదే బ్యాంకులో ఇంకో పొదుపు ఖాతా ఉండకూడదన్నదే ముఖ్యమైన షరతు. పాత ఖాతాను కూడా దానిలోకి మార్చుకోవచ్చు. మా పెద్దావిడను వెంటబెట్టుకుని నేను ఆ శాఖకు వెళ్లి ఈ సంగతి అడిగితే, "అవి జన్‌ధన్ వాళ్లకే" అన్నారు. కాదని చెబితే, "మా దగ్గర ఆ ఫారం లేదు" అన్నారు. ఫారం ఏదీ అక్కర్లేదు, తెల్లకాగితం మీద అర్జీ తీసుకోండి అంటే, మేనేజరు సెలవులో ఉన్నారన్నారు. మొదటి అర్జీ రాసింది ఆ రోజే.

జన్‌ధన్ ఖాతాలకు ఓవర్‌డ్రాఫ్టు కూడా ఉంది. ఖాతాలో డబ్బు లేకపోయినా అప్పుగా తీసుకునే వీలు. 2018లో దాని పరిమితిని రూ.5,000 నుంచి రూ.10,000కు పెంచారు, రూ.2,000 వరకు షరతులు లేకుండా ఇవ్వాలన్నారు. అరవై రూపాయలు తక్కువైన రోజున మిల్లు అమ్మాయికి కావలసింది సరిగ్గా ఇదే. నా పద్దెనిమిది సంఘాల్లో జన్‌ధన్ ఖాతా ఉన్నవారిలో దీన్ని వాడుకున్న మనిషి నాకు ఒక్కరూ తగల్లేదు. అడిగినవారికి "అది అందరికీ రాదు" అన్న జవాబు వచ్చింది. ఎవరికి వస్తుందో రాసి ఉన్న కాగితం మాత్రం ఏ శాఖ గోడ మీదా నేను చూడలేదు.

బ్యాంకుల వైపు మాట కూడా నాకు తెలుసు. ఖాతా నడపడానికి ఖర్చవుతుంది, శాఖలు, కంప్యూటర్లు, ఉద్యోగులు ఊరికే రారు, తిరిగిపోయిన వాయిదాకు కూడా పని ఉంటుంది. కాదనను. కౌంటరులో కూర్చున్న గుమస్తా మీద నాకు కోపం లేదు, ఆమెకూ పైనుంచి లక్ష్యాలు ఉంటాయి. కానీ ఒక కంప్యూటరు ఇంకో కంప్యూటరుకు "డబ్బు చాలదు" అని చెప్పడానికి రూ.250 ఖర్చవుతుందని ఎవరైనా లెక్క చూపిస్తే, మా సమాఖ్య సభ్యులందరికీ నేనే చదివి వినిపిస్తాను.

కాబట్టి మా డిమాండ్లు ఇవి.

1. కనీస నిల్వ లేకపోతే జరిమానా వేయడాన్ని మాని, 2014 ఏప్రిల్‌లో మీరే చెప్పినట్లు సేవలు మాత్రం తగ్గించాలి. చెక్కుబుక్కు ఆపండి, తీసుకునే సార్లు నాలుగుకు తగ్గించండి. డబ్బు మాత్రం ముట్టవద్దు. స్టేట్ బ్యాంకూ, ఇంకా పలు ప్రభుత్వ బ్యాంకులూ జరిమానా లేకుండానే నడుస్తున్నాయి కాబట్టి ఇది సాధ్యం కాదన్న వాదన నిలవదు.

2. ఆ లోగా, కోత బాకీని ముందు నెలలకు మోసుకుపోయి, ప్రభుత్వ పథకాల డబ్బు, ఉపాధి హామీ కూలి, పింఛను, స్కాలర్‌షిప్ పడగానే పట్టుకోవడాన్ని నిషేధించాలి. ఇప్పటికే అలా పట్టుకున్నది ఖాతాదారు అర్జీ పెట్టనక్కర లేకుండా తిరిగి జమ చేయాలి. ఏ జమ ఏ పథకానిదో బ్యాంకు కంప్యూటరుకు తెలుసు.

3. నెల రోజుల ముందస్తు నోటీసు తెలుగులో ఉండాలి. చదవలేని వారికి ఫోను ద్వారా మాటల్లో చెప్పాలి. నోటీసు ఇచ్చినట్లు ఆధారం చూపలేని ప్రతి కోతనూ వాపసు ఇవ్వాలి.

4. వాయిదా తిరిగిపోతే ఒక వాయిదాకు ఒకే చార్జీ ఉండాలి, అది లోటు మొత్తాన్ని మించకూడదు. అరవై తక్కువైతే అరవైకి లోపే కోయండి. అదే వాయిదాను మళ్లీ పంపేముందు 24 గంటల ముందు కబురు తప్పనిసరి చేయాలి. జీతం పడే తేదీని బట్టి వాయిదా తేదీని ఏడాదికి ఒకసారి రుసుము లేకుండా మార్చుకునే హక్కు అప్పు తీసుకున్నవారికి ఇవ్వాలి. మా డిమాండ్లలో ఒక్కటే తీర్చగలమని మీరు అంటే, ఈ నాలుగో దాన్ని తీర్చమని అడుగుతాను.

5. ప్రాథమిక పొదుపు ఖాతా ఎవరైనా తెరవవచ్చనీ, ఉన్న ఖాతాను అందులోకి మార్చుకోవచ్చనీ ప్రతి శాఖలో, ప్రతి బ్యాంకు మిత్ర దగ్గర తెలుగులో పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టాలి. కనీస నిల్వ లేదని వరసగా రెండు నెలలు కోత పడే ఖాతాదారుకు ఆ అవకాశం బ్యాంకే ముందుగా చెప్పాలి.

6. జన్‌ధన్ ఓవర్‌డ్రాఫ్టు ఎంతమంది అడిగారు, ఎంతమందికి ఇచ్చారు, ఇవ్వకపోతే ఎందుకు అన్నది జిల్లాలవారీగా రాష్ట్రస్థాయి బ్యాంకర్ల సమితి మూడు నెలల సమావేశం ఎజెండాలో చేర్చాలి.

7. ఏ బ్యాంకు ఏ చార్జీ కింద ఎంత వసూలు చేసిందో మూడు నెలలకోసారి రిజర్వు బ్యాంకే ప్రకటించాలి. ఇప్పుడు ఎవరైనా ఎంపీ అడిగితే తప్ప ఆ అంకెలు మాకు తెలియడం లేదు.

బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు చెప్పుకోవచ్చు కదా అని మీరు అనవచ్చు. 2021లో మొదలైన ఆ సమీకృత ఫిర్యాదుల పథకం మంచిదే. దానికి 14448 నంబరు ఉందనీ, ముందు బ్యాంకుకు రాసి 30 రోజులు ఆగాలనీ మా వాళ్లకు నేనే చెబుతుంటాను. కానీ బ్యాంకు వాణిజ్యపరంగా తీసుకున్న నిర్ణయం మీద అక్కడ ఫిర్యాదు చెల్లదు. చార్జీ ఎంత అన్నది వాణిజ్య నిర్ణయమని బ్యాంకు అంటే మా దారి అక్కడితో మూసుకుపోతుంది. పైగా రూ.295 కోసం ఒక రోజు కూలి మానుకుని కాగితాలు పట్టుకు తిరిగే మనిషి ఉండదు, బ్యాంకులకు కూడా ఆ సంగతి తెలుసు.

ఈ లేఖతో పాటు పదకొండు పాసుబుక్కుల నకళ్లు, పేర్లూ ఖాతా నంబర్లూ కొట్టేసి, బ్యాంకర్ల సమితికి పంపుతున్నాను. అసలు పుస్తకాలు నా దగ్గర ఉన్నాయి, ఏ అధికారి వచ్చినా చూపిస్తాను. మా సమాఖ్య సమావేశం ప్రతి నెలా పదో తేదీన జరుగుతుంది. మీ జవాబు తెలుగులో ఇప్పిస్తే, అది ఏదైనా సరే, ఆ రోజు చదివి వినిపిస్తాను. మిల్లు అమ్మాయి ఈ నెల కూడా అయిదో తేదీకి ముందే రెండు వందలు సంఘం దగ్గర తీసుకుంది.

భవదీయురాలు,
ఒక గ్రామ సమాఖ్య వీఓఏ,
పల్నాడు జిల్లా